శనివారం సగం ధర

అత్త సంగటి కెలుకుతోంది. కుండ కదలకుండా రెండు పక్కలా పాతగుడ్డలు అడ్డం పెట్టి నేను పట్టుకుని కూర్చున్నాను. రాగిపిండి ఇంకా పూర్తిగా కలవలేదు. కట్టె తిరిగినప్పుడల్లా తెల్లటి మెతుకులు పైకి తేలి, మళ్ళీ మునిగిపోతున్నాయి. పెరటి గోడ మీది నుంచి పొద్దుటెండ మెల్లగా దిగి వస్తోంది.

"రాత్రి మళ్ళా వచ్చినాడు" అంది అత్త, కట్టె ఆపకుండా.

ఎవరని నేను అడగలేదు. అత్త కలలోకి వచ్చేది సుంకన్న మామ ఒక్కడే.

"అదే కలనా?"

"అదే. కంటికి ఆనినంత దూరమూ నీళ్ళు. ఒడ్డున బల్ల ఏసుకోని కూసోనుండాడు. ముందర తట్టలో చాప తునకలు. పొగలు పోతాండాయి. రాయే మద్దమ్మా, సల్లారిపోతాది అంటాడు."

"నువ్వేమంటివి?"

"ఏమంటా? ఈ పొద్దు నాకు వారం అంటి."

మా వైపు వారం అంటే దేవుని పేరున విడిచిన రోజు. ఆ రోజు నీసు ముట్టరు. కలలో కూడా అత్తకు నోటికి అదే మాట వస్తుంది. ఎన్నిసార్లు కల వచ్చినా అంతే. ఆయన పిలుస్తాడు, ఈమె వారమంటుంది, తెల్లవారిపోతుంది.

"తిట్టలేదా నిన్ను?"

"తిడితే బాగుండు. తట్ట మీద చెయ్యి అడ్డం పెట్టుకోని ఊరికే కూసోనుంటాడు, గాలికి సల్లారకుండా." అత్త కట్టెకు అంటిన పిండిని కుండ అంచుకు గీకింది. "ఒక్కసారి ఎదురుగా కూసోని తినల్ల పాపా. కలలోనన్నా సరే. పిల్చి పిల్చి ఆయప్పకు ఇసుగొస్తే మళ్ళా రాడు."

అంతవరకు చెప్పి, సంగటిని తడిచేత్తో ముద్ద కట్టి నా తట్టలో పెట్టింది. వేలితో గుంట చేసి పప్పు పోసింది. నేను తిని, ఏడుగంటలకల్లా నేను పనిచేసే ఆసుపత్రికి పోయి, చీటీలు రాసే కిటికీ దగ్గర కూర్చోవాలి. మధ్యాహ్నం రెండుకు నా పని అయిపోతుంది. ఆ తర్వాత సాయంకాలమంతా ఈ ఇంట్లో మేమిద్దరమే.

మా ఊరు ఆలూరు పక్కన. పదో తరగతి దాకా ఊరి బడిలోనే చదివి, తర్వాత ఆదోనిలో ఇంటరు చేశాను. మామ పోయాక, చెల్లెలు ఒక్కతే ఉందని మా నాయన నన్ను కర్నూలుకు పంపాడు. తోడుగా నాలుగు నెలలు ఉండమన్నాడు. ఇక్కడే పని దొరికింది, ఉండిపోయాను. అత్త కొడుకు వీరేష్ పులివెందుల దగ్గర తుమ్మలపల్లె గనిలో పనిచేస్తాడు. నా కన్నా చిన్నవాడు. నన్ను వదినా అంటాడు, సెలవు దొరికినప్పుడు వచ్చిపోతాడు.

మామ లారీ నడిపేవాడు. పత్తికొండలో టమోటాలు ఎత్తుకుని బాపట్ల వైపు పోయేవాడు. వచ్చేటప్పుడు ఖాళీగా రాకుండా, ఐసులో పెట్టిన చేపల పెట్టెలు కర్నూలుకు తెచ్చేవాడు. సముద్రం అంచున కూర్చుని ఏమేమి తిన్నాడో ఇంటికొచ్చి అత్తకు చెప్పేవాడట. చందువ ఎట్లా ఉంటుందో, వంజరం ముక్కలో ముల్లు ఎక్కడ ఉంటుందో, రొయ్య వేగేటప్పుడు ఏ రంగుకు తిరుగుతుందో. అత్త సముద్రం చూడలేదు. కానీ మామ మాటల్లో విని విని ఆమెకు ఒక సముద్రం తయారైంది. ఆ కల నీళ్ళు అవేనని నాకు అనిపిస్తుంది.

ఒక శనివారం మధ్యాహ్నం మామ ఇంటికి వచ్చి, స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని, "రాయే పోదాం. చాపల హోటల్లో సగం రేటంట ఈ పొద్దు" అన్నాడట. అత్త పొద్దునే తిమ్మప్పకు దీపం పెట్టి, నామం దిద్దుకుని ఉంది. "శనివారం పూట చాపలా! నీకేమన్నా మతి ఉండాదా?" అంది. మామ నవ్వి, "సరేలే, అట్ల బజారు దాంకా పోయొస్తా" అని వెళ్ళాడు. ఆ తర్వాతి లోడుకు పోయినవాడు ప్రాణంతో తిరిగి రాలేదు. గిద్దలూరు దాటాక దారి పక్కన లారీ ఆపుకుని, స్టీరింగు మీద తల పెట్టి పడుకున్నవాడు పడుకున్నట్టే ఉన్నాడట.

అప్పటికి అత్తకు ఉన్న వారాలు రెండే. సోమవారం ఈశ్వరునికి, శనివారం తిమ్మప్పకు. మామ పోయాక ఒక్కొక్కటే పెరుగుతూ వచ్చాయి. గురువారం మంత్రాలయం స్వామికి. మంగళవారం సుంకులమ్మకు. శుక్రవారం చౌడమ్మకు. మామ సంవత్సరీకం ఇంకొకటి గడిచాక ఆదివారం కూడా విడిచింది, సూర్యనారాయణునికని. చివరికి బుధవారం ఒక్కటి మిగిలింది. దాన్నీ విడిచిన రోజు నేను నవ్వాపుకోలేక అడిగాను.

"బుధవారం ఏ దేవునిది అత్తా?"

"ఎవురో ఒకరు ఉంటార్లే. అన్నీ నీకే కావల్ల" అంది.

అలా వారమంతా వారాలే అయ్యాయి. నాకు మాత్రం ఆదివారం కోడికూర వండి పెట్టేది. పొయ్యి పెరట్లో, గిన్నె వేరు.

* * *

వీరేష్ ఒక శనివారం పొద్దున దిగాడు. మధ్యాహ్నం నేను పని నుంచి వచ్చేసరికి, వరండాలో కాళ్ళు చాపుకుని, సెల్‌ఫోన్‌లో ఏదో చూస్తున్నాడు.

"వదినా, పాత బస్టాండు వెనక సందులో చాపల హోటలు ఉండాది గదా, ఈ పొద్దు హ్యాపీ అవర్స్ అంట. నాలుగు నుంచి ఆరు దాంకా అన్నీ సగం రేటు. పోదామా?"

నేను వంటింటి వైపు చూశాను. మామ అడిగిన సంగతి వీరేష్‌కు తెలియదు. అత్త ఆ మాట నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. వంటింట్లో చేట ఆడిస్తున్న చప్పుడు ఆగింది.

"హ్యాపీ అవర్స్ అంటే తాగేది గదా" అన్నాను, మాట మళ్ళించాలని.

"తాగేదానికి కాదు, ఆడ ఇచ్చేది నిమ్మకాయ సోడా. మా గనిలో ఒకడు పోయి, మందు ఇస్తారనుకోని మూడు సోడాలు తాగి వచ్చినాడు." వాడు గొంతు పెంచాడు. "మా! నువ్వు గూడా రా. ఇంట్లో ఒక్కదానివే ఏం చేస్తావు?"

అత్త గడపలోకి వచ్చి నిలబడింది. నుదుట నామం ఉంది. చేతికి నూకలు అంటి ఉన్నాయి.

"శనివారం రా ఈ పొద్దు."

"నువ్వు తినొద్దులే. కూసోని చూడు."

అత్త చాలాసేపు వాడి మొహంలోకి చూసింది. మామ పోలికలు వాడివి, కనుబొమ్మలు కలిసిపోయి ఉంటాయి.

"చూసేదానికి వారమేమి? నడువు" అంది.

ఆ హోటలు మేడ మీద. కింద ఒక సెల్‌ఫోన్ల అంగడి. మెట్లు ఇరుకు, ఎండకు కాలి వేడెక్కి ఉన్నాయి. పైన అద్దం తలుపు తోసుకుని లోపలికి అడుగు పెట్టగానే కర్నూలు వెనకే ఉండిపోయినట్టు అనిపించింది. కిటికీ అద్దాలకు నీలం కాగితం అంటించి ఉంది. నాలుగు గంటల ఎండ దాని గుండా వచ్చి బల్లల మీద, నేల మీద, కూర్చున్న మనుషుల మోచేతుల మీద నీలంగా పడుతోంది. గోడకున్న టీవీలో శబ్దం లేకుండా అలలు వస్తున్నాయి, పోతున్నాయి. ఒక మూల బురఖా వేసుకున్న ముసలి ఆపా ఒకామె మనవరాలికి ముల్లు తీసి పెడుతోంది. అంతే జనం. మిగతా కుర్చీలన్నీ ఖాళీ. ఏసీ చల్లదనంలో, వేగుతున్న మిరియాల వాసనలో, ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు.

అత్త గుమ్మం దగ్గరే నిలబడి, చేతిని ఆ నీలం వెలుగులో పెట్టి ఇటూ అటూ తిప్పి చూసుకుంది.

"ఇట్లనే ఉంటుందా కలలో?" అని చెవిలో అడిగాను.

"ఆడ గోడలు లేవు" అంది. కాసేపటికి, "రంగు ఇదే" అంది.

హోటలాయన తనే వచ్చి బల్ల తుడిచాడు. యాభై ఏళ్ళుంటాయి. పేరు ఆనందం. వంటా ఆయనే, గల్లాపెట్టె దగ్గరా ఆయనే. సముద్రం పక్క మనిషని మాట వినగానే తెలిసింది.

"ఏం పెట్టమంటారండి? రొయ్యలు ఇయ్యాలే వచ్చినయ్. పీతలు కూడా ఉన్నయ్."

వీరేష్ పీతలు చెప్పాడు, గొప్పకు. నేను చేపల పులుసు, అన్నం చెప్పాను. అత్తకు నిమ్మకాయ సోడా వచ్చింది. ఆమె దాన్ని తాగకుండా, అందులో తేలే ఐసుముక్కను వేలితో లోపలికి నొక్కి వదులుతూ కూర్చుంది. అది మునుగుతుంది, తేలుతుంది.

పీత వచ్చాక వీరేష్ దానితో కుస్తీ పట్టాడు. కాలు విరిచాడు, నమిలాడు, పెంకు ఉమిశాడు. పులుసు చొక్కా మీద చిందింది.

"ఇంత కష్టపడితే ఇంతే తునక!" అన్నాడు.

"గనిలో కొండలు తవ్వేటోనివి, పీతను తవ్వలేవా?" అంది అత్త.

ఆనందం నవ్వాడు. మూలనున్న ఆపా కూడా నవ్వింది. అత్త బయటి మనుషుల ముందు వేళాకోళం ఆడటం నేను అదే మొదటిసారి చూడటం. ఆ నీలం వెలుగులో ఆమె మొహం ఎవరిదో చిన్నపిల్లది లాగా ఉంది.

"అయితే అప్పా, నువ్వు శనివారమే ఎందుకు సగం రేటు పెడతావు?" అని అడిగింది ఆయన్ని.

"శనివారమొక్కటే కాదమ్మా. సోమ, గురు, శని. మీ ఊళ్ళో సోమవారం కొందరికి వారం, గురువారం కొందరికి, శనివారమైతే ఊరంతటికీ వారమే. నేను వచ్చిన కొత్తలో తెలవక పెట్టెలు పెట్టెలు తెప్పించుకునేవాణ్ణి. కూర్చుని ఐసు కరుగుతుంటే చూసేవాణ్ణి. మనిషి వచ్చేవాడు కాదు. ఇంక పారేసుకునే బదులు, వారం లేనోళ్ళన్నా సగానికి తిని పోతారని పెట్టానండి."

"అంటే వారమున్నోళ్ళకు ఎప్పుడూ పూర్తి రేటే" అన్నాను నేను. ఆ మాట ఎందుకన్నానో తెలియదు.

"అదే తిరకాసు" అన్నాడాయన. "ఒకాయనైతే దీని మీద నాతో పెద్ద బేరమే ఆడాడు. లారీ ఆయన. నాకు పెట్టెలు తెచ్చేవాడు, పాపం. సుంకన్నని."

వీరేష్ చేతిలో పీత కాలు అలాగే ఉండిపోయింది. "మా నాయన" అన్నాడు.

ఆనందం బల్ల తుడిచే గుడ్డను భుజం మీద వేసుకుని, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మమ్మల్ని ఒక్కొక్కరినే చూశాడు. అత్త దగ్గర చూపు ఆగింది.

"పోయిన సంగతి నాకు శానా రోజులకు తెలిసిందమ్మా. వేరే డ్రైవరు చెప్పాడు" అన్నాడు.

"యా బేరం ఆడినాడు?" అంది అత్త. గొంతు మామూలుగానే ఉంది.

"ఒక శనివారం ఇదే పొద్దుకు వచ్చాడండి. తెల్లచొక్కా. తలుపు దగ్గరే నుంచున్నాడు. కూర్చో సుంకన్నా, ఏం తింటావంటే కూర్చోలేదు. మా ఆడమనిషికి ఈ పొద్దు వారం, ఆమె లేకుండా నేను తినను అన్నాడు. నీ సగం రేటు బుధవారం పెట్టుకోరాదా, బుధవారమైతే ఆమెకు ఏ దేవుడూ అడ్డం రాడు అన్నాడు. నవ్వొచ్చింది నాకు. బోర్డు మార్చలేనుగానీ నీ ఒక్కడికీ ఇస్తాలే, తీసుకురా అన్నాను. అప్పుడు లోపలికొచ్చి బల్లలన్నీ చూసుకుని, అదిగో, ఆ కిటికీ దగ్గరది కావాలన్నాడు. బుధవారం నాలుగింటికి తుడిచి పెట్టాను. వేరే వాళ్ళొస్తే కూర్చోనివ్వలేదు. ఆరయింది, ఏడయింది. లోడు దొరికి పోయుంటాడనుకున్నా."

టీవీలో అల వచ్చి ఇసుకను తడిపి వెనక్కి పోయింది.

"బుధవారం మధ్యాన్నానికి వచ్చేస్తా, తల దువ్వుకోని ఉండు అని చెప్పి పోయినాడు" అంది అత్త, మెల్లగా. "ఎగతాళికి అంటాడనుకుంటి."

ఆమె లేచి కిటికీ దగ్గరి బల్ల వరకూ నడిచింది. నీలం వెలుగులో ఆమె అడుగులు నీళ్ళల్లో వేస్తున్నట్టు నెమ్మదిగా పడుతున్నాయి. రెండు కుర్చీలను చూసింది.

"దేంట్లో కూసుంటానన్నాడు?"

"గోడవైపుది. మిమ్మల్ని కిటికీ వైపు కూర్చోబెడతా అన్నాడు, బజారు కనిపిస్తదని."

అత్త గోడవైపు కుర్చీ వీపు మీద చెయ్యి వేసింది. అలాగే కొంతసేపు ఉంచింది. కిటికీ వైపు కుర్చీలో కూర్చోలేదు.

"బుధవారం రండమ్మా" అన్నాడు ఆనందం. "ఆయనకిచ్చిన మాట అట్టాగే ఉంది. మీకు ఏ రోజున్నా సరే."

"సూద్దాం" అంది అత్త. తిరిగి వచ్చి సోడా తాగేసింది, ఒకే గుక్కలో. ఐసు అప్పటికే కరిగిపోయింది.

* * *

ఇంటికి వచ్చే ఆటోలో వీరేష్ ఏడ్చాడు. అత్త ఏడవలేదు. "చొక్కాకు పులుసు ఆరిపోతే మరక పోదు, ఇంటికి పోతానే నానెయ్యి" అని మాత్రం అంది.

మర్నాడు వాడు వెళ్ళిపోతూ, నన్ను పక్కకు పిలిచి, "వదినా, బుధవారం ఎట్లన్నా పిల్చుకోని పో. అమ్మ ఒక్క ముద్ద తింటే చాలు" అన్నాడు. సరేనన్నాను. బుధవారానికి వారం చెప్పిన దేవుడెవరో తెలియదు కాబట్టి, ఆ దేవుణ్ణి ఒప్పించడం కష్టం కాదనుకున్నాను.

సోమవారం పొద్దున సంగటి కెలికేటప్పుడు అత్త కల సంగతి ఎత్తలేదు. మంగళవారం నేనే అడిగాను.

"మామ రాలేదా?"

"లేదు."

"నిద్ర పట్టలేదేమో."

"బాగనే పట్టింది. నీళ్ళు కనపడినాయి. బల్ల కనపడింది. ఆయప్ప లేడు." కుండలోకే చూస్తూ చెప్పింది. "తట్ట కూడా లేదు పాపా."

ఆమె భయపడినదే జరిగిందని నాకు అర్థమైంది. పిలిచి పిలిచి ఆయన లేచి వెళ్ళిపోయాడు.

బుధవారం ఆసుపత్రి నుంచి తొందరగా బయటపడి, ఆటో ఎక్కి వచ్చాను. అత్త తల దువ్వుకుని, కొత్తచీర కట్టుకుని ఉంటుందని దారంతా అనుకున్నాను. వచ్చేసరికి పెరటినిండా నీళ్ళు. ఇంట్లో ఉన్న బొంతలన్నీ నానబెట్టి, చీర మోకాళ్ళ దాకా ఎగదోపుకుని, బండ మీద ఒక్కొక్కటే బాదుతోంది. పండగా పబ్బమా, ఈ పూట బొంతలు ఎవరు ఉతుకుతారు?

"అత్తా, నాలుగింటికి పోవల్ల గదా."

"కాసిని నీళ్ళు పొయ్యి."

నేను నీళ్ళు పోశాను. ఇద్దరం చెరొక కొస పట్టుకుని పిండాము. తీగ మీద వేశాము. ఆ నీళ్ళు పెరట్లోంచి సందులోకి, సందులోంచి రోడ్డు మీదికి పారుతుంటే, పక్కింటి వాళ్ళు "ఏం మద్దమ్మా, హంద్రీకి వరదొచ్చిందా?" అని కేకేశారు. "ఆ, మీ ఇంటికే వస్తాండాది, చాప తెచ్చి పెట్టుకోండి" అని అత్త కేకేసింది. ఆరు దాటింది. ఆనందం ఆ బల్ల తుడిచి పెట్టి ఉంటాడని, వచ్చినవాళ్ళను వేరేచోట కూర్చోబెట్టి ఉంటాడని నేను అనుకుంటూ ఉన్నాను.

చీకటి పడుతుండగా, తడి బొంతల నడుమ మెట్టు మీద కూర్చుని అత్తే చెప్పింది.

"నీకు కోపమొచ్చినట్టుండాది."

"లేదు."

"బుధవారం ఏ దేవునిదని అడిగితివి గదా ఒకసారి. దేవునిది కాదు. ఆయప్పను ఇంటికి తెచ్చింది బుధవారం. మధ్యాన్నమే తెచ్చినారు, చెప్పిన టయానికే. ఈ వాకిట్లోనే దించినారు." వాకిలి వైపు చూపించలేదు, చూడలేదు. "ఆ పొద్దు నేనెట్ల తింటా?"

నేను పక్కన కూర్చున్నాను. బొంతల నుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి.

"ఆనందం మంచోడు. మాట నిలబెట్టుకుంటాండాడు. కానీ ఆయప్ప నన్ను పిల్చింది బుధవారం కాదు పాపా. నన్ను పిల్చింది శనివారం."

"శనివారం తిమ్మప్పది గదా అత్తా. పెండ్లి కాకముందు నుంచి చేస్తాండావు."

"నాకు తెలీదా?" అంది.

శుక్రవారం పొద్దున అడిగితే, మామ రాత్రి కూడా రాలేదంది. ఈసారి బల్ల కూడా లేదట. నీళ్ళు మాత్రం ఉన్నాయట, దూరంగా, వెనక్కి వెనక్కి పోతూ.

* * *

శనివారం పొద్దున అత్త ఎప్పటిలాగే చీకటితో లేచింది. వాకిలి ఊడ్చి ముగ్గు వేసింది. తలస్నానం చేసి, తిమ్మప్ప పటానికి తులసి పెట్టి, దీపం వెలిగించి, నుదుట నామం దిద్దుకుంది. దీపం ముందు మామూలు కన్నా ఎక్కువసేపు కూర్చుంది. పెదవులు కదలటం చూశాను. ఏం చెప్పుకుందో వినపడలేదు. బతిమాలుతున్నట్టు లేదు, ఇంట్లో పెద్దమనిషికి ఒక సంగతి ముందుగా తెలియజేస్తున్నట్టు ఉంది.

మధ్యాహ్నం నేను వచ్చేసరికి అన్నం వండి మూత పెట్టి ఉంది. పక్కన నా ఒక్కదాని తట్టే ఉంది. నేను తిన్నాను. అత్త తినలేదు. ఆకలి లేదా అని అడగబోయి ఊరుకున్నాను.

కర్నూలులో ఆ వేళ ఎండకు శబ్దం కూడా ఉండదు. పక్కిళ్ళ తలుపులన్నీ వేసి ఉంటాయి. కుక్కలు బండ్ల కింద పడుకుంటాయి. నేను వరండాలో చాప పరుచుకుని, ఉతికిన బట్టలు మడత పెడుతున్నాను. చీకటి గదిలో బీరువా తలుపు తెరుచుకున్న చప్పుడైంది. గట్టిగా మడిచిన చీర విప్పిన చప్పుడు. గాజులు సర్దుకున్న చప్పుడు. కొంతసేపు ఏమీ లేదు. తర్వాత దువ్వెన, జుట్టు చిక్కులో ఆగి, మళ్ళీ కదలటం.

అత్త బయటికి వచ్చింది. నెమలికంఠం రంగు చీర. నేను ఎన్నడూ చూడనిది. మడతలు పడ్డచోట రంగు కొద్దిగా వెలిసింది. తల తడి దువ్వి, జారుముడి వేసుకుంది. నామం చెరిపేసుకోలేదు. అది అలాగే ఉంది, పొద్దుట దిద్దింది దిద్దినట్టే, ఎర్రగా, నిటారుగా.

నేను లేవబోయాను. తోడు రానా అనే మాట నోటి దాకా వచ్చింది. అత్త నా వైపు చూసింది. ఆ చూపులో నన్ను రమ్మనడమూ లేదు, వద్దనడమూ లేదు. పాత బస్టాండుకు పోయే దారి ఆమెకు తెలుసు, మెట్లు తెలుసు, ఏ కుర్చీ ఎవరిదో తెలుసు. నేను మళ్ళీ కూర్చుని, చేతిలోని రవికెను మడిచాను.

ఆమె గడప దాటి చెప్పులు తొడుక్కుంది. వాకిట్లో ఒక్క క్షణం ఆగింది. పైట కొంగు తల మీదికి లాక్కుంది. సందు చివర, రోడ్డు మీద ఎండ నీళ్ళలాగా కదులుతోంది. అందులో కరెంటు స్తంభాల కాళ్ళు మునిగి ఉన్నాయి. అత్త వాకిట్లోంచి నడిచి, సందు దాటి, ఆ నీళ్ళల్లోకి పోయింది.